మంగళవారం మైనం

జనవరి 7, మంగళవారం

మైనస్ ఎనిమిది డిగ్రీలు. పాత మంచు, పొడిగా, సన్నగా. స్కీల అడుగున ఆకుపచ్చ మైనం మూడు పూతలు, పలచగా.

కొత్త పుస్తకం మొదలుపెట్టాను. షెడ్డులో మేకుకు వేలాడదీసి దారంతో పెన్సిల్ కట్టాను. చిన్నప్పుడు నా స్కీలకు మా నాన్న కూడా ఇలాగే ఒక పుస్తకం పెట్టేవాడు. చలికి తగ్గ రంగు మైనం రాస్తేనే మిట్ట ఎక్కేటప్పుడు స్కీ వెనక్కి జారదు. ఇందులో చలి, మంచు, మైనం, ఈ మూడే రాస్తాను. ఇంకేమీ రాయను. షెడ్డుకు నేను తప్ప ఎవరూ రారు గనక దాచాల్సిన పనీ లేదు.

మా అమ్మాయి టీరిల్ ఈ ఏడు తొమ్మిదేళ్ళ గుంపులోకి వచ్చింది. మంగళవారం రేసు రెండు కిలోమీటర్లు, మధ్యలో మిల్లు మిట్ట. టైము 9 నిమిషాల 12 సెకన్లు. మా క్లబ్బులో చిన్నపిల్లలకు టైములు చెప్పరు. మొదటి స్థానం, రెండో స్థానం లేవు. గీత దాటిన ప్రతి పిల్లకూ ఒక కప్పు వేడి పళ్ళరసం ఇస్తారు, అంతే. మంచి నియమం. మీటింగులో దానికి చెయ్యెత్తి ఓటేసినవాణ్ణి నేను. నేను జేబులో సెకన్ల గడియారం నొక్కింది మైనం ఎలా పని చేస్తోందో చూడటానికే. అదే గుంపులో ఉన్న ఓలీన వాళ్ళ నాన్న యూస్టైన్ కూడా కోటు జేబులో చెయ్యి పెట్టుకుని, కళ్ళు గీత మీద పెట్టి నిలబడ్డాడు. అదేమిటయ్యా అంటే చలి అన్నాడు.

మైనం బ్రహ్మాండంగా పట్టింది. ఇంటికొచ్చేదాకా కారులో ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. అలసిపోయి ఉంటాం.

జనవరి 14, మంగళవారం

మైనస్ మూడు, మధ్యాహ్నం నుంచి కొత్త మంచు. నీలం రాశాను. తప్పు. ఘోరమైన తప్పు. మిల్లు మిట్ట మీద రెండడుగులు ఎక్కితే మూడడుగులు వెనక్కి జారింది పిల్ల. అందరికంటే ఆఖరున వచ్చింది, ఏడుస్తూ.

కారులో చెప్పాను. "నీ తప్పేం లేదు బంగారం. నువ్వు చక్కగానే ఎక్కావు. మైనం కుదర్లేదు, అంతే. తప్పంతా నాది."

"నిజంగా?"

"ఒట్టు. సిగ్గుపడాల్సింది నేను."

పెట్రోలు బంకు దగ్గర ఆగి దాల్చినచెక్క బన్ను కొనిపెట్టాను. సగం తినేసరికి ఏడుపు పోయింది, ఇంటికొచ్చేదాకా బడిలో నేర్చుకున్న పాట పాడింది. నేనూ పాడాను. పిల్లలు ఇట్టే మర్చిపోతారు.

జనవరి 21, మంగళవారం

మైనస్ అయిదు. నీలం నాలుగు పూతలు, ప్రతి పూతా బొటనవేలితో రుద్ది రుద్ది. ఈసారి కుదిరింది. 8 నిమిషాల 55. ఓలీన ఇరవై సెకన్లు ముందు వచ్చింది. నేనేం లెక్కపెట్టలేదు, కంటికి కనబడింది.

మిట్ట మొదట్లో చేతికర్రలు ఆలస్యంగా వేస్తోంది, పైకి చూడకుండా కాళ్ళ వైపు చూస్తోంది. కారులో చిన్న సలహా చెప్పాను. శ్రద్ధగా విన్నది. పిల్లకు కాళ్ళలో సత్తువ ఉంది, గుండెలోనే లేదు.

జనవరి 28, మంగళవారం

మైనస్ ఆరు. నీలం.

టీరిల్ పొద్దున గంజి ముట్టలేదు. బడిలోనూ అన్నం డబ్బా తెరవకుండా తెచ్చేసింది. కడుపులో నొప్పంట. నా పెళ్ళాం సోల్రున్ నుదురు పట్టుకు చూసింది. జ్వరం లేదు. "ఈ ఒక్కవారం మానిపించు" అంది. ఒకసారి మానితే భయం ముదిరిపోతుందన్నాను. భయం అని నేనే ఎందుకన్నానో తెలియదు. ఆవిడ కడుపునొప్పి అనే అంది.

ఆందోళన పడే పిల్లలకు ఊపిరి మీద ధ్యాస పెట్టడం నేర్పాలని క్లబ్బువాళ్ళిచ్చిన కాగితంలో ఉంది. నాలుగు అంకెలు పీల్చు, ఆరు అంకెలు వదులు. వంటింట్లో కూర్చోబెట్టి చేయించాను. గడియారం పట్టుకుని నేను లెక్కపెట్టాను.

"దీనికి కూడా గడియారమేనా నాన్నా?" అంది.

"సరిగ్గా రావాలి కదమ్మా."

మైనం చెడింది. నాలుగింటికి నేనే స్కీని మంచు మీద నొక్కి లాగి చూశాను, పిల్లి గోళ్ళలా పట్టింది. ఆరింటికి అదే స్కీ మిట్ట మీద సబ్బు ముక్కలా జారింది. తిప్పి చూస్తే అడుగున మైనమే లేదు. ఎక్కడికి పోయింది? పాత మంచు గరుగ్గా ఉంటే మైనాన్ని అరగదీస్తుంది. కానీ మరీ ఇంతలానా?

బన్ను. పాట. పిల్ల హాయిగానే ఉంది. అదొక్కటే నయం.

ఫిబ్రవరి 1

మైనం అమ్మే షాపువాడు నా మాట నమ్మడంలేదు. "మీరు ఏదో తప్పు చేస్తున్నారు" అన్నాడు, నాతో. పదమూడేళ్ళుగా మున్సిపాలిటీ రోడ్ల మీద మంచు తీయించే ఉద్యోగం నాది. మంచు గురించి నాకు చెప్తాడు! రెండో థర్మామీటరు కొన్నాను.

ఫిబ్రవరి 4, మంగళవారం

మైనస్ ఏడు, రెండు థర్మామీటర్లూ అదే చూపించాయి. ఈసారి ముందు గట్టి అడుగు మైనం వేసి, ఇస్త్రీపెట్టెతో కరిగించి ఎక్కించాను. దానిమీద నీలం. ఆ అడుగు మైనం మీద ఇరవై కిలోమీటర్లు వెళ్ళినా చెక్కుచెదరదు.

చెదిరింది. అక్కడక్కడా చారలు చారలుగా మిగిలి ఉంది. నా తల ప్రాణం తోకకొచ్చింది. వచ్చే దారంతా మైనాన్ని, దాన్ని చేసినవాణ్ణి, అమ్మినవాణ్ణి తిట్టాను. టీరిల్ కిసుక్కున నవ్వుతూ తిట్లు ఒకటి తర్వాత ఒకటి అందించింది. "వాడి గడ్డం మీద కూడా రాయాలి నాన్నా ఆ మైనం!" ఇద్దరం కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వాం. ఇంత దగ్గరగా ఎప్పుడున్నామో నాకు గుర్తులేదు.

మైనం చెడిన రోజే పిల్ల నవ్వుతోందేమిటి? ఊరికే తట్టింది, రాశాను.

బన్ను తింటుంటే టీరిల్ చేతి బొటనవేలికి మందు పట్టీ కనబడింది. బడిలో కోసుకుందట.

ఫిబ్రవరి 6

మా నాన్న వచ్చాడు, ఎండబెట్టిన చేపలు పట్టుకుని. మైనం సంగతి అడిగాను. ఆయన సొంతంగా మైనం కాచుకున్న తరం మనిషి. స్కీ తిప్పి చూశాడు, వేలితో తడిమాడు, వాసన చూశాడు.

"ఒరేయ్, ఇది అరిగింది కాదు."

"మరి?"

"నాకేం తెలుసు. నేను చూసింది చెప్పాను." స్కీ గోడకు ఆనించి, "పిల్లకి మంగళవారాలు కడుపునొప్పంటగా? సోల్రున్ చెప్పింది. నీ పోలికే."

"నాకెప్పుడొచ్చింది కడుపునొప్పి?"

"కడుపునొప్పేమిటి, నా వ్యానులో కక్కేవాడివి. ప్రతి ఆదివారం రేసుకెళ్ళేటప్పుడు ఒక బకెట్టు పెట్టుకునేవాణ్ణి నీకోసం."

నాకలాంటిదేమీ గుర్తులేదు. ముసలాయనకు మతిమరుపు మొదలైంది.

ఫిబ్రవరి 10

బడి నర్సు ఓస్‌లౌగ్ పిలిపించింది. టీరిల్ సోమవారాలు కూడా అన్నం డబ్బా తెరవడం లేదట. మంగళవారం వస్తోందని. పక్కనే ఉన్న బల్లమీద పిల్లలు వేసిన బొమ్మలు. ఆవిడ చాలా మెల్లగా మాట్లాడే మనిషి, నాకు ఒళ్ళు మండేంత మెల్లగా.

"రేసు అయ్యాక కారులో మీరిద్దరూ ఏం మాట్లాడుకుంటారు?" అంది.

"ఏముంది, మామూలు మాటలు."

"మామూలంటే?"

"మైనం గురించి."

ఏదో రాసుకుంది. "బాగా చేసినరోజు ఏం మాట్లాడుకుంటారు, బాగా చెయ్యనిరోజు ఏం మాట్లాడుకుంటారు?"

మా క్లబ్బులో బాగా చెయ్యడం, చెయ్యకపోవడం అనేవి లేవండీ, చిన్నపిల్లలకు టైములే చూడరు అని చెప్పాను. "అవునా, చాలా మంచిది" అంది. ఆ అనడం నాకు నచ్చలేదు. కారు గురించి ఎందుకడిగిందో ఇప్పటికీ అర్థం కావడం లేదు. భయం రేసుకు ముందు కదా ఉంది, తర్వాత కాదు కదా.

ఫిబ్రవరి 11, మంగళవారం

మైనస్ తొమ్మిది. ఇంటిదగ్గర రాయలేదు. మైనం డబ్బా అంతా కారులో వేసుకెళ్ళి, మైదానంలో, బయల్దేరే గీత పక్కనే, దీపాల కింద రాశాను. చూద్దాం ఈసారి ఎలా పోతుందో అని.

నేను రాస్తుంటే టీరిల్ పక్కన నిలబడి చూసింది. మొహంలో రంగు లేదు. "ఇంట్లో రాయలేదేం నాన్నా?" అని మూడుసార్లు అడిగింది. స్కీలు అందిస్తే తీసుకోలేదు. పక్కకు తిరిగి మంచులో వాంతి చేసుకుంది. శిక్షణ చూసే తోరున్ వచ్చి వీపు నిమిరి, "ఈరోజు వద్దులేమ్మా, నాతో కలిసి పళ్ళరసం పోద్దువుగాని రా" అంది. నేను వద్దని అనలేదు. వెళ్ళమనీ అనలేదు. మైనం బాగుంది అన్నాను, అంతే. పిల్లే కాళ్ళు స్కీలలో పెట్టింది.

8 నిమిషాల 40! ఓలీన కంటే ముందు! మైనం బండలా పట్టింది. నా సంతోషం పట్టలేక కారులో టైము చెప్పేశాను. చెప్పకూడదని తెలుసు. ఒక్కసారికి ఏమవుతుంది, పిల్లకు ధైర్యం వస్తుంది కదా.

కిటికీ మీది ఆవిరి చేత్తో తుడిచింది. తర్వాత, "వచ్చేవారం ఇంకా ఎక్కువ రావాలా?" అని అడిగింది.

"ఎక్కువ కాదు తల్లీ, తక్కువ" అన్నాను నవ్వుతూ.

బంకు దగ్గర ఆగడం మర్చిపోయాను.

ఫిబ్రవరి 12

టీరిల్ బడికి వెళ్ళలేదు. కడుపునొప్పి.

ఫిబ్రవరి 19

చలికాలం సెలవులు. ఈ వారం రేసు లేదు.

ఇంటి వెనక దిబ్బ మీద టీరిల్, ఓలీన, ఇంకో ఇద్దరు పారలతో మంచును ఎత్తుగా కట్టి, స్కీల మీద దానిపైనుంచి దూకుతున్నారు. రెండున్నర గంటలు. టీరిల్ పడుతోంది, లేస్తోంది, నోట్లోకి పోయిన మంచు ఉమ్ముతోంది, మళ్ళీ ఎక్కుతోంది. దిబ్బ మిల్లు మిట్ట కంటే నిటారు. దాన్ని పరుగున ఎక్కుతోంది! వంటింటి కిటికీలోంచి చూస్తూ జేబులోంచి గడియారం తీశాను. ఏం కొలవాలో తెలియక మళ్ళీ పెట్టేశాను.

గుండె లేదని రాశాను. ఎవరిది మరి ఈ గుండె?

ఫిబ్రవరి 24

మైనం గీకే రేకు షెడ్డులో కనబడలేదు. ఇల్లంతా వెతికాను. టీరిల్ బూట్ల సంచి అడుగున, చేతితొడుగులో చుట్టి దొరికింది. అంచుకు నీలం మైనం సన్నటి చుట్టలుగా అంటుకుని ఉంది.

దాన్ని పట్టుకుని షెడ్డులో కూర్చున్నాను. ఇది రాద్దామని ఈ పుస్తకం తీస్తే చెయ్యి జారి కింద పడింది, వెనక అట్ట వైపు తెరుచుకుంది. ఆ వైపు నేనెప్పుడూ తెరవలేదు. పెన్సిలుతో, గుండ్రటి అక్షరాలతో, నాలాగే తేదీలు వేసి:

"జనవరి 7. మైనం బాగుంది. నాన్న మాట్లాడలేదు.

జనవరి 14. మైనం బాలేదు. బన్ను. పాట.

జనవరి 21. మైనం బాగుంది. నాన్న ఇంటిదాకా మిట్ట గురించే చెప్పాడు.

జనవరి 28. గీకాను. బన్ను. పాట.

ఫిబ్రవరి 4. గీకాను. చాలా గట్టిగా ఉంది, వేలు తెగింది. బన్ను. నాన్న మైనాన్ని తిట్టాడు, నన్ను కాదు. చాలా నవ్వాం.

ఫిబ్రవరి 11. గీకడం కుదర్లేదు. 8.40. బన్ను లేదు."

పదిసార్లు చదివాను. నేను పిల్లను ఎప్పుడూ తిట్టలేదు. ఒక్కసారి కూడా తిట్టలేదు. తిట్టానా?

వెనక రాసిందంటే ముందువైపు చదివిందన్నమాటే. జనవరి 21 తీసి చూశాను. గుండెలోనే లేదు అన్న మాట కింద సన్నగా గీత గీసి ఉంది. రబ్బరుతో ఆ వాక్యం చెరిపేద్దామని చూశాను. మచ్చ పడింది గానీ మాట పోలేదు.

సోల్రున్‌కు చూపించాను. షెడ్డు మెట్టు మీదే కూర్చుండిపోయింది.

"ఇప్పుడే దాని దగ్గరికెళ్ళి తప్పయిపోయిందని చెప్తాను" అన్నాను.

"నువ్వు కాళ్ళావేళ్ళా పడితే నిన్ను ఓదార్చడం దాని పని అవుతుంది. వద్దు."

"మరేం చెయ్యమంటావ్?"

"నాకూ తెలీదు హాల్వార్. దీనికి ఏ రంగు మైనం రాయాలో నాకెలా తెలుస్తుంది?"

అని, అలా అన్నందుకు నా చెయ్యి పట్టుకుంది.

ఫిబ్రవరి 25, మంగళవారం

మైనస్ నాలుగు. నీలం.

రేకు ఎక్కడిదక్కడ, బూట్ల సంచిలో పెట్టేశాను. స్కీలకు మైనం రాసి షెడ్డు గోడకు ఆనించి ఇంట్లోకి వచ్చేశాను. అయిదింటికి షెడ్డులో దీపం వెలిగింది. నేను వంటింట్లో బంగాళాదుంప చెక్కు తీస్తూ నిలబడ్డాను. వెళ్ళి ఆపాలా? తొమ్మిదేళ్ళ పిల్ల ఆ చలిలో ఒక్కతే నిలబడి, నేను ప్రేమగా మాట్లాడటం కోసం కష్టపడుతోంది. పావుగంట పట్టింది. దీపం ఆరింది. వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదో ఇంకా తెలియడం లేదు.

మిట్ట మీద జారింది. ఆఖరున వచ్చింది. కారు ఎక్కి నా వైపు చూసింది.

"మైనం కుదర్లేదమ్మా" అన్నాను. "తప్పంతా నాది."

ఈసారి అది నిజం. బన్ను కొన్నాను. పిల్ల పాడింది. నేను పాడలేకపోయాను.

మార్చి 3

అడిగాను. "రేసులు మానేద్దామా తల్లీ? స్కీ వద్దనుకుంటే వద్దు."

నన్ను వెర్రివాణ్ణి చూసినట్టు చూసింది. "స్కీ నాకిష్టమేగా."

"మరి మంగళవారాలు?"

భుజాలెగరేసింది. నాకేమీ అర్థం కాలేదు. అర్థం కానట్టు ఉండటం సులువేమో.

మార్చి 4, మంగళవారం

"ఈరోజు మైనం నువ్వే రాసుకో" అన్నాను పొద్దున.

"ఏ రంగు?"

"నీ ఇష్టం."

"తప్పయితే?"

"జారుతావు."

నన్ను అనుమానంగా చూసింది. గంజి సగం తిన్నది. సగమే, కానీ తిన్నది.

గడియారం సొరుగులో పెట్టి వెళ్ళాను. పళ్ళరసం పోసే బల్ల దగ్గర నిలబడతానని తోరున్‌కు ముందే చెప్పాను. అక్కణ్ణుంచి గీత కనబడదు, గుడారం అడ్డం. యూస్టైన్ వచ్చి చెవిలో, "మీ అమ్మాయి టైము చెప్పనా?" అన్నాడు. వద్దన్నాను. తెలుసుకోవాలని ప్రాణం పీకింది. కప్పులు పోస్తూ ఉన్నాను. అరవై కప్పులు పోసి ఉంటాను. అందులో ఒకటి టీరిల్ తీసుకుంది, బుగ్గలు ఎర్రగా, టోపీ వంకరగా.

కారు ఎక్కాం. ఏం మాట్లాడాలి? మాట్లాడకపోతే జనవరి 7 అవుతుంది. మిట్ట అన్నానంటే 21. మైనం అన్నానంటే అబద్ధం. బంకు వచ్చింది. ఆపాను. రెండు బన్నులు తెచ్చాను.

టీరిల్ బన్ను చేతిలో పట్టుకుని కూర్చుంది, తినకుండా.

"నాన్నా, మైనం బాగానే పట్టింది."

"ఓహో."

"మరి బన్ను ఎందుకు?"

గేరు మార్చాను. ఎదురుగా లారీ వెళ్ళేదాకా ఆగాను, ఆగాల్సిన అవసరం లేకపోయినా.

"ఆకలేస్తోందేమోనని. ఇకనుంచి ప్రతి మంగళవారం. మైనం ఎలా ఉన్నా సరే."

నేనే దాని పాట ఎత్తుకున్నాను. రెండో చరణం తప్పు పాడానని దిద్దింది. తను పాడలేదు. బన్ను మాత్రం తిన్నది.

మార్చి 5

చలి ఎంతో చూడలేదు. మంచు పడింది.

వెనక పేజీ తియ్యకూడదనుకున్నాను. అది పిల్లది. తీశాను.

"మార్చి 4. మైనం నేనే రాశా. బాగుంది. అయినా బన్ను. నాన్న ఒక్కడే పాడాడు. ఎందుకో తెలీదు. వచ్చే మంగళవారం మళ్ళీ చూడాలి."